చేపపిల్ల చెవిరాయి మీద నీటి వేడి ఏం రాస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

గొరక చేప తలకాయ తిన్నవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు పంటికింద తెల్లటి గట్టి ముక్క తగిలే ఉంటుంది. ఎముక అనుకుని కంచం పక్కన పెట్టేస్తాం. నిజానికి అది చేప చెవిలోని రాయి. గుడ్డులో ఉన్నప్పటి నుంచి వలలో పడ్డ రోజు దాకా ఆ చేప ఎలా పెరిగిందో అందులో పొరలు పొరలుగా ఉంటుంది. ఈ పొరల మీద నీటి వేడి ప్రభావం ఎంత అని ఫిషరీస్ చదివే పిల్లలు, హేచరీ వాళ్లు, ఊరికే ఆసక్తి ఉన్నవాళ్లు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను.

ముందే ఒక మాట. చెవిరాయి థర్మామీటరు కాదు. నీటి వేడికి చేప ఒళ్లు ఎలా నడుచుకుందో అది రాసుకుంటుంది. ఈ తేడా మరిచిపోతే కింద ఉన్నదాంట్లో సగం తలకిందులుగా అర్థమవుతుంది.

చెవిరాయి కూడా ఒక ఎముకేనా?

కాదు. చెవి ఎముక అని చాలామంది అంటారు గానీ, ఎముకలో ప్రధానంగా ఉండేది కాల్షియం ఫాస్ఫేటు. చెవిరాయిది కాల్షియం కార్బొనేటు, అంటే ఆల్చిప్ప, సుద్ద ఏ జాతివో అదే జాతి. అందులో కొద్దిగా ప్రొటీను కలిసి ఉంటుంది. శాస్త్రంలో దీన్ని ఓటోలిత్ అంటారు. చేప తలలో ఇటు మూడు, అటు మూడు, మొత్తం ఆరు ఉంటాయి. వాటి పేర్లు సాజిటా, లాపిల్లస్, ఆస్టెరిస్కస్. చేప ఒరిగినా, శబ్దం వచ్చినా ఈ రాళ్లు కిందున్న సన్నటి రోమకణాల మీద కదులుతాయి. తాను ఎటు వాలిందో, చప్పుడు ఎటు నుంచి వస్తోందో చేపకు అలా తెలుస్తుంది.

సముద్ర చేపల్లో ఎక్కువగా సాజిటాయే పెద్దది. గొరక కుటుంబంలో ఇది మరీ పెద్దగా ఉంటుంది. మన తీరంలో దొరికితే వార్తల్లోకెక్కే కచ్చిడి చేప కూడా ఆ కుటుంబానిదే. దాని గాలితిత్తికి లక్షలు పెట్టేవాళ్లున్నారు, తలలోని రాయిని మాత్రం ఎవరూ అడగరు. నాకైతే ఆ రాయే కావాలి.

ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. తిండి లేనప్పుడు చేప తన పొలుసుల నుంచి ఖనిజాన్ని వెనక్కి లాక్కోగలదు. చెవిరాయి నుంచి మాత్రం మామూలుగా అలా తీసుకోదు. ఒకసారి పడిన పొర అలాగే ఉండిపోతుంది. అందుకే దీని సాక్ష్యానికి అంత విలువ.

రోజుకో వలయం పడుతుందని ఎలా తెలిసింది?

ఏడాదికో వలయం సంగతి పాతది. 1899లోనే యోహానెస్ రైబిష్ అనే జర్మన్ శాస్త్రవేత్త ప్లేస్ అనే చేప రాళ్లు చూసి వయసు లెక్కగట్టాడు. రోజు వలయాల సంగతి బయటపడటానికి 1971 దాకా ఆగాల్సి వచ్చింది. ఏడాది వలయాల మధ్య ఇంకా సన్నటి గీతలున్నాయని, వాటి సంఖ్య ఏడాదిలోని రోజులకు దగ్గరగా ఉందని జార్జియో పన్నెల్లా ఆ ఏడాది సైన్స్ పత్రికలో రాశాడు. 1976లో ఎడ్వర్డ్ బ్రదర్స్ బృందం వయసు తెలిసిన లార్వాలతో (గుడ్డు నుంచి కొత్తగా బయటికొచ్చిన చిన్నపిల్లలతో) దాన్ని సరిచూసింది.

ఒక్కో రోజు వలయంలో రెండు పట్టీలుంటాయి. ఒకటి ఖనిజం ఎక్కువ ఉన్న వెడల్పాటి లేత పట్టీ, రెండోది ప్రొటీను ఎక్కువ ఉన్న సన్నటి ముదురు పట్టీ. చేప ఒంట్లో ఉండే గడియారం, దాన్ని సరిదిద్దే పగలూ రాత్రీ కలిసి ఈ లయను నడుపుతాయి.

నీరు వేడెక్కితే వలయాలు ఎక్కువ పడతాయా?

పడవు. అందరూ ముందు పొరబడేది ఇక్కడే. రోజుకు ఒకటే వలయం. వేడి మార్చేది వలయం వెడల్పును. ఇరవై రోజుల చేపపిల్లకు గోరువెచ్చని నీటిలోనైనా, చల్లటి నీటిలోనైనా ఇరవైకి అటూఇటూగానే వలయాలుండాలి. వెచ్చటి నీటి పిల్ల రాయి పెద్దది, గీతలు దూరం దూరంగా ఉంటాయి. చల్లటి నీటి పిల్ల రాయి చిన్నది, గీతలు ఒత్తుగా ఉంటాయి. వయసు చెప్పేది గీతల సంఖ్య, పెరుగుదల చెప్పేది వాటి మధ్య దూరం. రెండింటినీ కలిపేస్తే లెక్కంతా పోతుంది.

వేడికి వలయం ఎందుకు వెడల్పవుతుంది?

చేప చల్లని రక్తపు జీవి, దాని ఒంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది. పది డిగ్రీలు పెరిగితే ఒంట్లో రసాయన చర్యల వేగం సుమారుగా రెండింతలు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువే అవుతుంది. చెవిరాయి చుట్టూ ఒక ద్రవం ఉంటుంది. రాయి మీద ఖనిజం పేరుకోవాలంటే చెవి గోడలోని కణాలు ఆ ద్రవంలోకి కాల్షియం, బైకార్బొనేటు పంపాలి, ఆమ్లాన్ని బయటకు తోడేయాలి. ఈ పనంతా ఎంజైములతో, శక్తి ఖర్చుతో జరిగేదే. నీరు వెచ్చనైతే ఆ తోడే పని చురుగ్గా సాగుతుంది, ఆ రోజు పొర మందంగా పడుతుంది.

అయితే వెడల్పాటి వలయం ఉంటే చేప బాగా పెరిగినట్టేనా?

ఎక్కువసార్లు అవును, ఎప్పుడూ కాదు. దీని మీదే పరిశోధకులు దశాబ్దాలుగా తల బద్దలుకొట్టుకుంటున్నారు.

చేపకు ప్రతి జాతికీ ఒక హాయైన ఉష్ణోగ్రత ఉంటుంది. అక్కడి దాకా నీరు వేడెక్కుతున్నకొద్దీ ఒళ్లూ పెరుగుతుంది, రాయీ పెరుగుతుంది. ఆ హద్దు దాటాక దారులు చీలిపోతాయి. వేడి నీటిలో ఊపిరికి, ప్రాణం నిలుపుకోవడానికే తిన్న శక్తి ఖర్చైపోతుంది కాబట్టి ఒళ్లు పెరగడం తగ్గుతుంది. కానీ ఒంట్లో రసాయన చర్యల వేగం మాత్రం ఎక్కువగానే ఉంది కదా, రాయి పెరుగుతూనే పోతుంది. 1988లో హెన్రిక్ మోసెగార్డ్ బృందం ఆర్కిటిక్ చార్ అనే చల్లనీటి చేప పిల్లల మీద ఇదే చూపించింది. ఒంటి పెరుగుదల శిఖరం దాటి పడిపోతున్న వేడిలో కూడా చెవిరాయి పెరుగుతూనే ఉంది.

అంటే రాయి నేరుగా వినేది ఒంట్లో జరుగుతున్న పని వేగాన్ని. ఒళ్లు పెరగడం ఆ పనిలో ఒక భాగం మాత్రమే. ఆకలితో ఉన్న పిల్ల కూడా కొన్ని రోజులు వలయాలు వేస్తూనే ఉంటుంది, తిండి తగ్గిన సంగతి వలయం వెడల్పులో కాస్త ఆలస్యంగా కనపడుతుంది. వేడి మార్పు మాత్రం త్వరగానే కనపడుతుంది. ఒకే పొడవున్న రెండు చేపపిల్లల్ని తీసుకుంటే, నెమ్మదిగా పెరిగినదాని రాయే పెద్దగా ఉండటం మామూలు. జీతం పెరగకపోయినా సర్వీసు పెరిగినట్టు, ఒళ్లు ఆగినా రాయికి రోజులు జమ అవుతూనే ఉంటాయి.

కాబట్టి వలయం వెడల్పు నుంచి ఫలానా రోజున ఈ చేప ఇంత పొడవుంది అని వెనక్కి లెక్కగట్టేటప్పుడు జాగ్రత్తపడాలి. రాయికీ ఒంటికీ ఉన్న నిష్పత్తి ఎప్పుడూ ఒకటే అనుకుని సూత్రం వేస్తే, నెమ్మదిగా పెరిగిన పిల్లల విషయంలో తప్పు పెద్దదవుతుంది. ఈ చిక్కు తగ్గించడానికే స్టీవెన్ కంపానా 1990లో పిల్ల పుట్టినప్పటి కొలతల్ని లెక్కలోకి తెచ్చే పద్ధతి చెప్పాడు. ఇప్పటికీ ఎక్కువమంది అదే వాడతారు.

చల్లటి నీటిలో వలయాలు ఆగిపోతాయా?

ఆగొచ్చు, లేదా మనకు కనపడకపోవచ్చు. ఈ రెండూ వేరు. మామూలు మైక్రోస్కోపు మైక్రానులో (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అయిదో వంతు కంటే దగ్గరగా ఉన్న రెండు గీతల్ని విడదీయలేదు, ఆ సైజుకు చేరక ముందే చూసేవాళ్ల కళ్లు తడబడతాయి. బాగా నెమ్మదిగా పెరిగే హెర్రింగ్ అనే సముద్ర చేప లార్వాల్లో గీతలు మైక్రాను కంటే సన్నగా ఉంటాయి. ఆడ్రీ గెఫెన్ 1982లో హెర్రింగ్, టర్బాట్ లార్వాల్ని పెంచి చూస్తే, నెమ్మదిగా పెరిగిన వాటిలో రోజుకు ఒకటి కంటే తక్కువ వలయాలు లెక్కకొచ్చాయి. చలి ప్రాంతపు చేపల వయసు తక్కువగా చెప్పేస్తే, అది పుట్టిన తేదీ తప్పవుతుంది, దాంతో ఆ రోజు సముద్రం ఎలా ఉందో చూసే లెక్కా తప్పవుతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఉంటే కొంత మేలు, కానీ వందల రాళ్లను దాని కింద పెట్టే ఓపికా, డబ్బూ ఎవరికి?

ఇదంతా లాబ్‌లో సరే, సముద్రంలో ఏమైనా తేల్చిందా?

నాకు బాగా నచ్చిన ఉదాహరణ జపాన్‌ది. అక్కడ కురోషియో ప్రవాహం చుట్టుపక్కల సార్డీన్, ఆంకోవీ (మన నెత్తళ్ల బంధువు) రెండూ ఉంటాయి. వింతేమిటంటే ఒకటి పెరిగిన దశాబ్దాల్లో రెండోది తగ్గుతుంది. జపాన్ సార్డీన్ పట్టుబడి 1988లో దాదాపు 45 లక్షల టన్నులకు ఎక్కింది. 1990ల్లో కుప్పకూలింది, అప్పుడు ఆంకోవీ పుంజుకుంది. ఇద్దరూ ఒకే నీటిలో, ఇంచుమించు ఒకే తిండి తినేవాళ్లు. మరి ఎందుకిలా?

అకినోరి తకసుకా బృందం రెండు జాతుల లార్వాల చెవిరాళ్లు చదివింది. పట్టుకునే ముందు చివరి కొద్ది రోజుల వలయాల నుంచి పెరుగుదల వేగం లెక్కగట్టి, పట్టిన చోట నీటి వేడితో పోల్చారు. 2007లో వచ్చిన ఫలితం ఇది. ఆంకోవీ లార్వా అన్నిటికంటే వేగంగా పెరిగేది 22 డిగ్రీల దగ్గర, సార్డీన్ లార్వా 16.2 డిగ్రీల దగ్గర. సముద్రం కాస్త వేడెక్కితే ఒకరికి హాయి, ఇంకొకరికి అవస్థ. చల్లబడితే వేషాలు మారిపోతాయి.

లార్వా రోజుకు కొంచెం నెమ్మదిగా పెరిగితే అంత నష్టమా అని అడగొచ్చు. చాలా నష్టం. చిన్న సైజులో ఎన్ని రోజులుంటే అన్ని రోజులు ప్రతివాడి నోటికీ ఆహారమే. లక్షల గుడ్లలో మిగిలేది కొన్నే కాబట్టి రోజువారీ చావు శాతంలో చిన్న తేడా వచ్చినా, నెల తిరిగేసరికి బతికిన వాటి సంఖ్యలో పెద్ద తేడా పడుతుంది. అయితే వేడి ఒక్కటే ఈ కథను నడిపిందని అనకూడదు. తిండి, ప్రవాహాలు, వేట కూడా ఉన్నాయి. కానీ ఒకే సముద్రం ఇద్దరికీ ఎదురెదురుగా ఎలా పనిచేయగలదో ఈ రాళ్లు చూపించినంత స్పష్టంగా ఇంకేదీ చూపించలేదని నా అభిప్రాయం.

నీటి వేడి మార్చి మనమే రాయి మీద గుర్తు వేయొచ్చా?

వేయొచ్చు, వేస్తున్నారు కూడా. అలాస్కా హేచరీల్లో సాల్మన్ గుడ్లు ట్రేలలో ఉండగానే నీటి వేడిని కొన్ని గంటల పాటు కొద్ది డిగ్రీలు మారుస్తారు. మళ్లీ మామూలు నీరు పెడతారు. ఒక్కో మార్పుకు చెవిరాయిలో ఒక ముదురు గీత పడుతుంది. రెండు గీతలు, ఖాళీ, మూడు గీతలు, ఇలా ముందే అనుకున్న వరసలో వేస్తే అది సరుకు మీద బార్‌కోడ్ లాంటిదే. ఏ హేచరీ, ఏ ఏడాది అన్నది అందులోనే ఉంటుంది.

దీని అందం ఎక్కడంటే, ఒక్క పిల్లను కూడా చేత్తో ముట్టుకోనక్కర్లేదు. రెక్క కత్తిరించి గుర్తు పెట్టాలంటే పిల్లకు పిల్ల పట్టాలి. ఇక్కడ కుళాయి తిప్పితే కోట్ల పిల్లలకు ఒకేసారి గుర్తు పడుతుంది. ఉత్తర పసిఫిక్ చుట్టూ ఇలా ఏటా వంద కోట్లకు పైగా సాల్మన్ పిల్లల్ని గుర్తుతో వదులుతున్నారు. ఒకరి గుర్తు ఇంకొకరితో కలవకుండా 1993లో ఏర్పడిన ఉత్తర పసిఫిక్ వలస చేపల కమిషన్ చూసుకుంటుంది. కెనడా, జపాన్, దక్షిణ కొరియా, రష్యా, అమెరికా అందులో సభ్యులు. పింక్ సాల్మన్ రెండేళ్ల వయసులో తిరిగొచ్చినప్పుడు తల కోసి, రాయిని నడిమి దాకా అరగదీసి చదువుతారు. అలాస్కాలోని ప్రిన్స్ విలియం సౌండ్ అనే సముద్రపు పాయలో పట్టిన చేపల్లో హేచరీవి ఎన్ని, నదిలో సొంతంగా పుట్టినవి ఎన్ని అన్నది సీజన్ నడుస్తుండగానే ఇలా తేలుస్తారు.

ఒకప్పటి నీరు ఎన్ని డిగ్రీలుండేదో రాయి చెప్పగలదా?

వలయం వెడల్పు చెప్పలేదు. ఆక్సిజన్ ఐసోటోపులు కొంతవరకు చెప్పగలవు. కార్బొనేటులో ఉండే ఆక్సిజన్‌లో బరువైన రకం, తేలికైన రకం అని రెండు ముఖ్యమైనవి. నీరు ఒక డిగ్రీ వేడెక్కితే రాయిలో బరువైన రకం వాటా వెయ్యికి సుమారు 0.2 చొప్పున తగ్గుతుంది. చేప ఎంత తిన్నదీ, ఎంత పెరిగిందీ దీన్ని పెద్దగా మార్చవు, అదే దీని బలం.

బలహీనత కూడా ఉంది. నీటిలోనే ఈ రెండు రకాల నిష్పత్తి ఎంతో తెలియకపోతే లెక్క కుదరదు. వాన నీటిలో, నది నీటిలో బరువైన రకం సముద్రపు నీటిలో కంటే తక్కువ. గోదావరి సముద్రంలో కలిసే చోట వరదల కాలంలో పట్టిన పిల్ల రాయిలో బరువైన ఆక్సిజన్ తగ్గిందనుకోండి, నీరు వేడెక్కి తగ్గిందా, వరద నీరు కలిసి తగ్గిందా? రెండూ ఒకే వైపు నెడతాయి కాబట్టి ఆ ఒక్క అంకెతో తేలదు. స్ట్రాన్షియం, కాల్షియం నిష్పత్తి చూసి వేడి చెప్పొచ్చని ఒకప్పుడు గట్టిగా అన్నారు. అది ఉప్పదనానికి, చేప ఒంటి పరిస్థితికి కూడా మారుతుందని తేలాక ఆ ఉత్సాహం తగ్గింది.

డిగ్రీలు కచ్చితంగా రాకపోయినా పుట్టిల్లు తెలుసుకోవడానికి ఇది చాలు. అట్లాంటిక్ బ్లూఫిన్ ట్యూనా మధ్యధరా సముద్రంలో పుట్టిందా, అటు గల్ఫ్ ఆఫ్ మెక్సికో వైపు పుట్టిందా అన్నది పెద్ద చేప రాయి నడిమి భాగం తీసి ఇలాగే చెబుతున్నారు.

గీత కనపడిన ప్రతిచోటా నీటి వేడి మారినట్టేనా?

కాదు. గుడ్డు పగిలినప్పుడు ఒక ముదురు గీత పడుతుంది, సొన అయిపోయి మొదటిసారి తిండి తిన్నప్పుడు ఇంకొకటి పడొచ్చు. భయపడినా, రవాణా చేసినా, ఆకలేసినా పడొచ్చు. చేపకు టెన్షన్ వచ్చిన ప్రతిసారీ రాయి మీద మచ్చ అన్నమాట. ఒక గుంపులో చాలా పిల్లలకు ఒకే తేదీన ఒకే గీత ఉంటే బయటి కారణం అని అనుమానించాలి. ఒక్కదానికే ఉంటే దాని సొంత కష్టం.

మన బంగాళాఖాతంలో, చెరువుల్లో ఇది పనికొస్తుందా?

పనికొస్తుంది, కాకపోతే ప్రశ్న మారుతుంది. మన తీరంలో పైనీటి వేడి ఏడాదంతా కొద్ది డిగ్రీల తేడాలోనే తిరుగుతుంది. చలిదేశాల్లో లాగా శీతాకాలపు గీత స్పష్టంగా పడదు కాబట్టి ఏడాది వలయాలు నమ్మడం కష్టం, రోజు వలయాలే దిక్కు. వెడల్పులో తేడా కనపడితే వేడి కంటే ముందు తిండినే అనుమానిస్తాను. తుఫాను వెళ్లాక పైనీరు చల్లబడుతుంది నిజమే, కానీ అదే సమయంలో అడుగు నీటితో పోషకాలు పైకొస్తాయి, నీరు మురికవుతుంది. ఏది ఏం చేసిందో విడదీయడం తేలిక కాదు.

చెరువు సంగతి వేరు. రోహు, కట్ల జాతుల్లో సాజిటా సూదిలా సన్నగా ఉండి చేతిలోనే విరుగుతుంది, అందుకని పిల్లల రోజు వలయాలకు లాపిల్లస్ తీస్తారు. లోతు తక్కువ నర్సరీ చెరువులో తెల్లవారుజామున చల్లగా, మధ్యాహ్నానికి కాలేంతగా ఉంటుంది. ఈ ఊగిసలాటకు ఒకే రోజులో అదనపు సన్నగీతలు పడతాయి. వాటిని కూడా రోజులుగా లెక్కేస్తే పది రోజుల పిల్ల పదిహేను రోజులదవుతుంది. స్పాన్ (అప్పుడే పొదిగిన చేపపిల్లలు) వదిలిన తేదీ రైతు పుస్తకంలో ఉంటుంది కాబట్టి సరిచూసుకోవడం సులువు. సముద్రపు పిల్లకు ఆ పుస్తకం ఉండదు.

రాళ్లు తీసి చూడాలంటే ఎలా?

పిల్లల్ని ఫార్మలిన్‌లో వేయకండి. అది మెల్లగా ఆమ్లమై రాయిని కరిగించేస్తుంది. 95 శాతం ఆల్కహాల్ వాడండి. నేను నేర్చుకుంటున్న రోజుల్లో ఒక బ్యాచ్ మొత్తం ఫార్మలిన్‌లో పెట్టి, నెల తర్వాత తెరిస్తే రాళ్ల చోట ఏమీ లేదు.

చిన్న లార్వా రాయిని అలాగే స్లైడు మీద పెట్టి చూడొచ్చు. కాస్త పెద్దదైతే వేడికి కరిగే జిగురుతో అతికించి, చాలా సన్నటి పాలిషింగ్ కాగితంతో నడిమి దాకా అరగదీయాలి. రెండు రుద్దులు ఎక్కువైతే నడిబొడ్డే పోతుంది, పుట్టిన తేదీ దానితో పోతుంది. లెక్క రెండుసార్లు, పేరు చీటీ చూడకుండా వేయాలి. ఎంత పొడవు చేపో తెలిస్తే కన్ను తనకు కావాల్సిన అంకెనే చూస్తుంది.

సముద్రం వేడెక్కడం ఈ రాళ్లలో కనపడుతోందా?

కనపడుతోంది, కానీ అన్నిచోట్లా ఒకేలా కాదు. రోనాల్డ్ థ్రెషర్ బృందం 2007లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వైపు ఎక్కువ కాలం బతికే ఎనిమిది జాతుల రాళ్లు చూసింది. వాటి చిన్నప్పటి వలయాలు కొలిస్తే, పైనీటి జాతుల పిల్లలు దశాబ్దాలు గడిచేకొద్దీ వేగంగా పెరిగాయి. వెయ్యి మీటర్ల కంటే లోతున ఉండేవి నెమ్మదించాయి.

ఒక చిక్కు మాత్రం ఎప్పుడూ ఉంటుంది. మన చేతికి వచ్చేది బతికిన చేప రాయి. వేడికి తట్టుకోలేక మూడో రోజే పోయిన పిల్లల రాళ్లు వలలో పడవు. బతికినవాటి వలయాలే చూసి ఆ ఏడాది బాగుందనుకుంటే మోసపోతాం. అందుకే ఒకే గుంపును వారం వారం పట్టి, మొదట్లో ఉన్నవాటి వలయాల్ని చివరికి మిగిలినవాటితో పోల్చి చూస్తారు.

కూరలో దొరికిన రాయిని చూసి ఆ చేప వయసు చెప్పొచ్చా?

పెద్ద గొరక రాయైతే విరిచి, భూతద్దంతో చూస్తే ఏడాదివో కాదో తేల్చలేని కొన్ని పట్టీలు కనపడొచ్చు. రోజు వలయాలకు అరగదీయక తప్పదు. ఇంకో సంగతి, పులుసులో దొరికిన రాయి అంత మంచిది కాదు. చింతపండు పులుపుకు కార్బొనేటు కొద్దికొద్దిగా కరుగుతుంది, పైపొరలు ముందు పోతాయి, అంటే చేప చివరి రోజులు. వేపుడులో దొరికితే తీసి కడిగి పెట్టుకోండి.